చుక్కలు లేని నెలలు

ముందుగా ఒక మాట. నా రాతలో వత్తులు, దీర్ఘాలు తప్పుతుంటాయి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. పోయిన వారం భాగం ఆలస్యంగా అందిందని పత్రిక వాళ్లు ఏమీ అనలేదు గానీ, ఎదురుచూసిన వాళ్లు నన్ను మన్నించాలి. ఈసారి కూడా తొందరగా రాయలేకపోయాను. చేతి నెమ్మది ఒక్కటే కారణం కాదు. ఈ ఆదివారం గురించి రాస్తూ రాస్తూ నాలుగైదు సార్లు లేచిపోయాను.

*

విజయేందర్ హాల్లో చాప మీద కూర్చుని సగం బ్లేడుతో జాకెట్టు కుట్లు విప్పుతున్నాడు.

జాకెట్టు నా కోడలు సృజనది. పాఠాలు చెప్పడానికి బడికి కట్టుకుపోయే చీర మీదిది. పొద్దున టీ తాగినప్పటి నుంచీ వాడికి అదే పని. ఇప్పటికి ఏడు బట్టలు అయ్యాయి. చేతులొక చోట, వీపు ముక్కలొక చోట, దారాలన్నీ ఒక కుప్పగా చాప మీద సర్దాడు. పదహారేళ్లుగా లాల్‌బజార్‌లో మిలిటరీ యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టర్ నా కొడుకు. కుట్టినంత శుభ్రంగానే విప్పుతాడు.

సృజన వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. అడ్డు చెప్పడం మంగళవారమే మానేసింది.

"ఇగ చాలు తీ బిడ్డా," అన్నాను. "అది రేపు తొడుక్కొని పోవాలె ఆమె."

"మల్ల నేనే కుట్టిస్త." తల ఎత్తలేదు. "దొరికినంక కుట్టిస్త."

"ఏం దొరకాలె?"

"పెట్టినోళ్లకు ఎర్క."

జాకెట్టు పక్కన పెట్టి, తన చొక్కా ఒకటి తీసుకున్నాడు. కాలరు తిప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. వెనక పట్టీ మీద ఇస్త్రీ అతను వేసిన నల్ల ఇంకు గుర్తు ఉంది.

"అమ్మా, గిటు రా. గిదేంది?"

"ఇస్త్రీ ఆయన గుర్తు. ఎప్పటి సంది ఉన్నదే గదా."

"మనది రెండు చుక్కలు, ఒక గీత. దీనికి మూడు చుక్కలున్నయ్. మూడోది ఎవరు పెట్టిన్రు?"

చూశాను. నిజంగానే మూడు ఉన్నాయి. ఒకటి ఇంకు చిందిన మచ్చ కావచ్చు. ఆ మాట అంటే ఇంకో చొక్కా తీస్తాడు. ఊరుకున్నాను. నేను ఊరుకోవడం వాడికి ఒప్పుకున్నట్టే అనిపించింది. సృజన వైపు చూసి తల ఊపాడు.

"అత్తమ్మా, నువ్వు సుత గట్ల నిలబడితే ఎట్ల?" అంది సృజన. గొంతు పెంచలేదు. "మచ్చ అని చెప్పరాదా?"

"ఆమెను బెదిరియ్యకు," అన్నాడు వాడు.

"నేను బెదిరిస్తున్ననా?"

"మా అమ్మ నోరు మూయిస్తున్నవ్. నాకు కనబడ్తలేదనుకున్నవా? నాకిప్పుడు అన్ని కనబడ్తున్నయ్."

అది మాత్రం నిజమే అనిపించేలా అంటాడు. పదమూడో ఏట మెదడు జ్వరం వచ్చి తగ్గాక వాడికి ఫిట్స్ మొదలయ్యాయి. ఇరవై ఒక్క ఏళ్లు వాడి కళ్ల ముందు ఏదో ఒక తెర ఉండేది. పోయిన ఆషాఢంలో, బోనాల వారం, షాపులో కాలుతున్న ఇస్త్రీ పెట్టె మీద పడ్డాడు. కుడి ముంజేయి మీద చర్మం ఇప్పటికీ ముడతలు పడి మెరుస్తుంది. అప్పుడు కొత్త నరాల డాక్టరు గోలీలు మార్చి, దసరాకు మోతాదు పెంచాడు. ఆ దసరా నుంచి ఈ చైత్రం వరకు ఒక్క ఫిట్ రాలేదు.

తెర తొలిగింది. తొలిగాక వాడికి కనబడుతున్నవి ఇవి. భార్య తన బట్టల్లో ఏదో పెట్టి కుట్టిందని. అన్నంలో ఏదో కలుపుతోందని.

మొదటిది అబద్ధం. రెండోది అబద్ధం కాదు. కలుపుతున్నది సృజన కాదు, నేను. ఈ ఇంట్లో ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నందాకా నాకొక్కదానికే తెలుసు.

*

పదకొండున్నరకు లక్ష్మణ్ వచ్చాడు. సృజన తమ్ముడు. కాప్రాలో కరెంటు పని చేస్తాడు. ఏడేళ్ల నా మనవరాలు అన్నును మొన్న గురువారం తన ఇంటికి తీసుకుపోయింది అతనే. నా కొడుకు ఆ పిల్ల బడి గౌను కుట్లు కూడా విప్పేశాక ఇంకేం చేస్తాం.

గుమ్మంలో చెప్పులు విడుస్తూ చాప వైపు చూశాడు.

"ఏం బావా, ఇంట్లనే దుకాణం షురూ చేసినవా?"

నవ్వించడానికి అన్నాడు. పాత రోజుల్లో అయితే విజయేందర్, 'నీ లెక్క స్తంభాలెక్కే పనికంటే నయమే' అని ఏదో అనేవాడు. ఇద్దరూ అలా ఒకళ్లనొకళ్లు అనుకుంటూ గంటలు గంటలు కూర్చునేవాళ్లు.

ఇప్పుడు బ్లేడు కింద పెట్టి, "నిన్నెవరు పిలిచిన్రు?" అన్నాడు.

"అక్క పిలిచింది."

"ఎన్ని గంటలకు?"

"పొద్దుగాల ఫోన్ చేసింది బావా."

"ఎనిమిది పదికి. బాత్రూంల నల్లా ఇప్పి పెట్టి మాట్లాడింది. నీళ్ల సప్పుడు చాలా సేపొచ్చింది." నా వైపు తిరిగాడు. "చూసినవా అమ్మా? నేను చెప్పిన్నా లేదా?"

సృజన ముఖం గోడకు తిప్పుకుంది. ఆమె నల్లా విప్పుకుని ఏడవడానికి ఆ ఇంట్లో అదొక్క చోటే మిగిలింది.

లక్ష్మణ్ చాప అంచున కూర్చున్నాడు. బ్లేడుకు చెయ్యి అందేంత దగ్గరగా కూర్చున్నాడని నాకు అర్థమైంది.

"బావా, ఒక్క మాట ఇను. డాక్టర్ దగ్గరికి పోయొద్దాం. బయట ఆటో ఉన్నది. గంటల తిరిగొస్తం."

"ఎందుకు? నాకు ఫిట్స్ వచ్చి ఎన్ని నెలలైంది?"

"రాలే. మంచిదే గదా."

"బిమారి తక్కువైనోడు డాక్టర్ దగ్గరికెందుకు పోవాలె?"

"నిద్ర పోతలేవంట గదా. దానికి."

"ఎవరన్నరు? ఆమెనా? నేను నిద్రపోతున్ననా లేనా అని ఆమె ఎందుకు చూస్తుంది? నిద్రపోయినంక ఏం చేద్దామని?"

మేం ఏ తలుపు తీసినా వాడు అటువైపు ముందే నిలబడి ఉంటాడు.

"ఎర్రగడ్డ దవాఖానకు తీస్కపోదామని వచ్చినవ్," అన్నాడు విజయేందర్ మెల్లగా. "చెప్పు. గిదే గదా?"

"గా మాట నేనన్ననా?"

"ఇరవై ఏండ్లు ఫిట్సోడన్నరు. గిప్పుడు అవి పోయినయ్, ఇగ పిచ్చోడంటరు. మీకు నేను మంచిగున్న దినం ఒక్కటన్నా కావాలెనా?"

నేను వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద అన్నం ఉంది.

*

సృజన నా వెనకే వచ్చింది. మాంసం కూర దించింది. ఆదివారం కాబట్టి తెచ్చింది గానీ, తన చేతిది వాడు ముట్టడని తెలిసే వండింది. వాడి కోసం నేను విడిగా పచ్చిపులుసు చేస్తాను. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి, వాడి గిన్నెలో వాడికి. నేను చేసి నేను పోస్తేనే తింటాడు.

"అత్తమ్మా, నేను ఇయ్యాల పోతున్న," అంది.

చెంబు కడగడం మొదలుపెట్టాను.

"బ్యాగు సర్దుకున్న. అన్ను ఒక్కతే ఎన్ని దినాలుంటది? రేపు బడికి నేను ఏం తొడుక్కొని పోవాలె? పిల్లలు అడుగుతున్నరు, టీచర్, రోజూ అదే చీరనా అని."

"పో బిడ్డా. నాలుగు దినాలుండి రా."

"నాలుగు దినాలకు రాను." గరిటె పక్కన పెట్టింది. "నువ్వు సుత అనుకుంటున్నవ్ గదా, నేనేమన్న చేసిన్నేమో అని?"

"ఛ. గదేం మాట."

"నేను నీకొకటి చెప్తా. ఎవరికి చెప్పలే. మొన్న మంగళారం ఆయన గిన్నెల పులుసు మిగిలితే పారబోయబుద్ధి కాక అన్నంల పోసుకున్న. చేదుంది అత్తమ్మా."

నా చేతిలో చెంబు ఉంది. నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"చేదుంది," అంది మళ్లీ. "మిర్చి చేదు కాదు. నాలుక ఎనక పట్టుకునే చేదు. గది ఆయనకొక్కనికే తెలుస్తున్నదనుకున్న గదా ఇన్నొద్దులు. నాకు సుత తెలిసింది. అద్దంల నా మొకం చూసుకున్న. నాకు సుత సోకుతున్నదా అత్తమ్మా? పక్కల ఉంటే సోకుతదా?"

అప్పుడే చెప్పవలసింది. ఇన్నేళ్ల నా బతుకులో నోరు విప్పవలసిన ఘడియ ఏదైనా ఉందంటే అది అదే.

"చింతపండు పాతది," అన్నాను. "ఉప్పు వేసి నిలవ పెట్టింది. చేదెక్కింది."

ఆమె నా ముఖం చూసింది. నమ్మింది. ఆమె భుజాలు కిందికి దిగడం చూశాను. పిచ్చి సోకలేదన్న ఊరట అది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాకు అ ఆ లు దిద్దించిన పిల్ల. 'క'కు తలకట్టు పెట్టడం రాక నేను నెల రోజులు ఏడిస్తే, విసుక్కోకుండా నా వేలు పట్టుకుని రాయించిన పిల్ల.

బియ్యం డబ్బా పక్కన పప్పు డబ్బా. పప్పు కింద గోలీల షీట్. మాఘమాసంలో ఒక పొద్దున వాడు గోలీలన్నీ మోరీ కాలవలో పారేసి, 'నాకు తక్కువైంది, ఇగ మింగను' అన్నాడు. షాపులో ఆ ఇస్త్రీ పెట్టె ఇంకా అక్కడే ఉంది. ఆ రోజే మందుల దుకాణంలో కొత్తవి తెచ్చి, అప్పడాల కర్రతో నూరి, పొద్దున రాగిజావలో ఒకటి, సాయంత్రం పులుసులో ఒకటి కలపడం మొదలుపెట్టాను. అప్పటికే వాడి మనసు చెదరడం మొదలైంది. అది వేరే సంగతి అనుకున్నాను.

వేరే కాదని క్యాలెండర్లు చెప్పాయి.

*

మా ఇంట్లో పాత క్యాలెండర్లు పారేయం. రాయడం రాని రోజుల్లో, విజయేందర్‌కు ఫిట్ వచ్చిన తారీఖు మీద దేవుడి దగ్గరి కుంకుమతో ఒక చుక్క పెట్టేదాన్ని. డాక్టరు అడిగితే చూపించాలి కదా. ఇరవై ఒక్క ఏళ్ల క్యాలెండర్లు బీరువా మీద చుట్ట చుట్టి ఉన్నాయి. పోయిన బుధవారం అందరూ బయటికి పోయాక అన్నీ దించి నేల మీద పరిచాను.

చుక్కలు ఎక్కువున్న ఏళ్లలో నా కొడుకు బాగున్నాడు. పడేవాడు, నాలుక కొరుక్కునేవాడు, రెండు గంటలు పడుకుని లేచి 'ఆకలైతుందమ్మా' అనేవాడు. లేచాక వారం రోజులు వాడంత నెమ్మదైన మనిషి లేడు. పాటలు పాడుకుంటూ పనికి పోయేవాడు.

చుక్కలు లేని నెలలు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి వాడు ఇంటర్ చదివేటప్పటిది. ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లోనే స్నేహితుడు తన మాటలు టేపులో పట్టుకుంటున్నాడని కాలేజీ మానేశాడు. రెండోది వాళ్ల నాన్న పోయిన ఏడు. నాలుగు నెలలు. అప్పుడే ఇల్లు విడిచిపోయి పదకొండు రోజులకు మౌలాలి రైలు పట్టాల పక్కన దొరికాడు. తండ్రి పోయిన దుఃఖమని అందరం అనుకున్నాం. రెండుసార్లూ మళ్లీ చుక్కలు మొదలైన నెలలోనే మనిషి మామూలయ్యాడు.

మూడోది ఇప్పటిది.

కింది పోర్షన్‌లో గ్లోరియా సిస్టర్ ఉంటుంది. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి వార్డులో పనిచేసి రిటైరైంది. ఆమెకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్కా, గిది డాక్టర్‌కు చూపియ్యి. రేపే పో. వాడు రాకపోతే నువ్వొక్కదానివన్నా పో," అంది.

శుక్రవారం బస్సెక్కి పోయాను. మూడు క్యాలెండర్లు సంచిలో పెట్టుకున్నాను. డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బల్ల మీద పరిచి వేలితో ఒక్కో నెలా చూశాడు.

"ఇది కొందరిలో ఉంటుందమ్మా," అన్నాడు. "తక్కువ మందిలో. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయినప్పుడు మనసు చెదురుతుంది. కొత్త మందు వల్ల కూడా కావచ్చు. మనిషిని చూడకుండా ఏదీ చెప్పలేను. గోలీలు టైముకు వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నడు సార్."

"తనే వేసుకుంటున్నాడా?"

ఆయన బల్ల మీద ఒక గాజు గోళం ఉంది. దాన్ని చూస్తూ, "ఆఁ సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. దొంగతనంగా పెడుతున్నానంటే ఆ కాగితాలు నా ముఖాన కొట్టి పొమ్మంటాడేమోనని భయపడ్డాను.

"అయితే ఒక పని చెయ్యండి. సొంతంగా ఆపొద్దు, తగ్గించొద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. అతన్ని తీసుకురండి. మానసిక వైద్యం చేసే డాక్టర్‌ను కూడా పిలుస్తాను. ఇద్దరం కలిసి చూస్తాం. దీనికి మందులున్నాయి."

"రాడు సార్. తక్కువైందంటడు."

"రాకపోతే ఎట్లమ్మా?"

ఆయన కోపంతో అనలేదు. నిజంగానే అడిగాడు. నేను క్యాలెండర్లు చుట్టుకుని వచ్చేశాను.

శనివారం పొద్దున జావ కలుపుతూ, నూరిన గోలీ అరచేతిలో పోసుకుని నిలబడ్డాను. ఇది నల్లా కింద కడిగేస్తే చాలు. నాలుగు రోజులో, పది రోజులో, ఫిట్ వస్తుంది. కింద పడతాడు. లేచి ఆకలైతుందమ్మా అంటాడు. సృజనను పేరు పెట్టి పిలుస్తాడు. నా కొడుక్కి ఫిట్ రావాలని నేను దేవుణ్ని మొక్కాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ వెంటనే వాడి ముంజేయి గుర్తొచ్చింది. గోలీ జావలో కలిపాను.

*

ఆదివారం పొద్దున వాడు జావ ముట్టలేదు. టీ మాత్రమే తాగాడు. అందుకని పొద్దుటి గోలీ మధ్యాహ్నం పులుసులో వేశాను.

ఒంటిగంటకు అన్నం వడ్డించాను. విజయేందర్ చాప మీది ముక్కలన్నీ ఒక మూటగా కట్టి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. లక్ష్మణ్ ఎదురుగా కూర్చున్నాడు. సృజన కూర్చోలేదు. బ్యాగు గుమ్మం దగ్గర పెట్టింది.

వాడు బ్యాగును చూశాడు.

"పోతున్నవా?"

"ఆఁ."

"ఎందుకు?"

"నా చేతి కూడు నువ్వు తినవ్. నా బట్టలు నన్ను తొడుక్కోనియ్యవ్. నేను ఈడ ఉండి ఏం చెయ్యాలె?"

"ఒక్క మాట ఒప్పుకో. ఏం కలుపుతున్నవో చెప్పు. చెప్తే నేనేమన. అన్ను మీద ఒట్టు."

"నేనేం కలపలే."

"నా నాలుక అబద్ధం చెప్తదా?"

సృజన నోరు తెరిచి నా వైపు చూసింది. చింతపండు పాతదని చెప్పమని ఆ చూపు. నేను గరిటె పట్టుకుని కూర్చున్నాను.

"బావా, ఆమె మీద నింద వేస్తే నేను ఊకోను," అన్నాడు లక్ష్మణ్. "ఇన్నొద్దులు ఊకున్న."

"నువ్వు ఊకో లక్ష్మణ్. నేను మా అమ్మనడుగుత." విజయేందర్ కంచం మీంచి చెయ్యి తీసి నా వైపు తిరిగాడు. అరవై రోజుల తర్వాత వాడు నన్ను అంత నెమ్మదిగా చూడటం అదే మొదలు. "అమ్మా. ఈ ఇంట్ల నేను నమ్మేది నిన్నొక్కదాన్నే. నువ్వు చెప్పు. నా అన్నంల ఎవరన్న ఏమన్న కలుపుతున్నరా?"

లేదంటే వాడు తింటాడు. సృజన ఆ నింద మోసుకుని కాప్రా పోతుంది. అవునంటే ఈ ప్రపంచంలో వాడు తినే చెయ్యి ఒక్కటీ మిగలదు.

ఫ్యాను తిరుగుతోంది. చాప మీద మిగిలిపోయిన దారం ముక్క ఒకటి లేచి కంచం పక్కకు వచ్చి పడింది.

"కలుపుతున్నరు బిడ్డా," అన్నాను.

సృజన గోడకు ఆనుకుంది.

"నేనే కలుపుతున్న. ఫిట్స్ గోలీలు. నువ్వు మోరీల పారేసిన దినం సంది. పొద్దుగాల జావల, మాపటికి పులుసుల. ఆమెకు ఎర్క లేదు. ఆమె తప్పేం లేదు."

లేచి వంటింట్లోకి పోయి పప్పు డబ్బాలో చెయ్యి పెట్టి షీట్ తెచ్చి వాడి ముందు పెట్టాను. పప్పు గింజలు రెండు దానికి అంటుకుని ఉన్నాయి. మిగిలినవి నాలుగు గోలీలు.

విజయేందర్ షీట్ చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఖాళీ గుంతలను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. వాడు అరుస్తాడని, కంచం విసిరేస్తాడని ఎదురుచూశాను. విసిరేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీతో గిట్ల చెప్పిస్తున్నరా అమ్మా," అన్నాడు.

"ఎవరు చెప్పిస్తలేరు రా. నిజం చెప్తున్న."

"రాసుడు నేర్పింది. ఇగ చెప్పుడు సుత నేర్పిందా?" సృజన వైపు చూడకుండానే అన్నాడు. "గీ షీట్ పాతది. నేను పారేసినప్పుడు ఎవరో ఏరి దాచిన్రు. ఇయ్యాల నీ చేతికిచ్చిన్రు. నిన్నేమని బెదిరిచ్చిన్రు? నీకు నేనున్న గదా. నాతోని చెప్పరాదా?"

"బావా, అత్తమ్మ నిజం..." అన్నాడు లక్ష్మణ్.

"మా అమ్మ నాకు చాటుగ పెట్టదు," అన్నాడు విజయేందర్. "ఫిట్ వచ్చి పండుకుంటే లేచేదాక నా తల ఒడిల పెట్టుకొని కూసున్న మనిషి. ఆమె పెట్టదు."

షీట్ పక్కకు నెట్టాడు. గిన్నె దగ్గరికి జరుపుకుని, పులుసు అన్నంలోకి వంపుకున్నాడు. వేళ్లతో కలిపాడు.

"బిడ్డా, ఆగు," అన్నాను. ఎందుకు ఆగమన్నానో, ఆగితే ఏం చెయ్యాలో నాకే తెలియదు.

మొదటి ముద్ద తిన్నాడు. నా కళ్లలోకి చూస్తూ నమిలాడు.

"జెర చేదుంది," అన్నాడు. "ఆమె ముట్టినట్టుంది. ఐనా నువ్వు పోసినవ్ గదా. తింట."

రెండో ముద్ద తిన్నాడు. మూడోది. చిన్నప్పుడు నాకు సంతోషం కలగాలని పెద్ద ముద్దలు తినేవాడు. అలాగే తింటున్నాడు.

సృజన గోడ దగ్గర నుంచి కదిలింది.

"ఎన్ని దినాల సంది అత్తమ్మా?"

"అరవై ఒకటి."

"ఇందాక వంటింట్ల నేను నిన్నడిగిన."

"అడిగినవ్."

తిట్టినా తట్టుకునేదాన్ని. లక్ష్మణ్ బ్యాగు అందుకోబోతే సృజన చెయ్యి అడ్డం పెట్టి, వంటింటి గోడ దగ్గరికి పోయింది. ఈ ఏటి క్యాలెండర్ అక్కడే ఉంది. మాఘమాసం నుంచి ఒక్కో తారీఖు కింద నేను పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి, గోలీ వేసిన రోజుకు ఒకటి. ఇన్నాళ్లూ అవి పాల ప్యాకెట్ల గుర్తులనుకుని ఉంటుంది. వేలు పెట్టి మొదటి గీత నుంచి చూసుకుంటూ వచ్చింది. తర్వాత మేకు నుంచి తీసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

"గదెందుకక్కా?" అన్నాడు లక్ష్మణ్.

డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికో, పంచాయితీ పెట్టేవాళ్లకు చూపించడానికో నాకు తెలియలేదు. అడిగే హక్కు నాకు లేదు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది, వెనకే లక్ష్మణ్. ఒక్కో మెట్టుకూ ఆగి ఆగి దిగుతున్న చప్పుడు. కింద గ్లోరియా సిస్టర్ ఏదో అడగడం వినిపించింది. ఆటో స్టార్ట్ అయింది.

విజయేందర్ చప్పుడు పోయేదాకా విన్నాడు. తర్వాత కంచం వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. అలసిపోయిన పిల్లవాడి ముఖం.

"పోయింది తియ్ అమ్మా. ఇగ మనిద్దరమే. భయం లేదు."

కంచంలో అన్నం ఇంకా సగం ఉంది. గిన్నె ఖాళీ అయింది. నా పక్కనున్న తపేలాలో ఇంకొంచెం పులుసు ఉంది. అందులో ఏమీ కలపలేదు. అది నాకోసం ఉంచుకున్నది. సాయంత్రానికి వెయ్యవలసిన గోలీ ఆ షీట్‌లో, వాడి మోకాలి పక్కనే ఉంది.

వాడు కంచం నా వైపు జరిపాడు.

"ఇంకింత పులుసు పొయ్యే అమ్మా."

గరిటె నా చేతిలోనే ఉంది.

*

కమలాబాయి
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉంటున్నది కాప్రా చెరువు దగ్గర